ఒడ్డున చదివిన పత్రిక

గరాచర్మ, పోర్ట్ బ్లెయిర్
అక్టోబరు మొదటి వారం

చిరంజీవి వీరేంద్రకు,

మేనమామ గురునాథం దీవెనలు. ఉత్తరమెందుకు, ఫోను చేయవచ్చు కదా అని నీ మరదలు సుష్మ అంటున్నది. కోపంలో ఉన్నవాడు ఫోను పట్టుకోరాదు. కలం పట్టుకొంటే, కర్తకు తగిన క్రియను వెదుక్కొనేంతసేపైనా నిదానిస్తాడు. అందుకని వ్రాస్తున్నాను.

నీవు కథా మాటలూ సమకూర్చిన 'ఆఖరి ఎడిషన్' చూచాము. ఇక్కడి హాలుకు అది రాలేదు. టీవీలోకి వచ్చిన రోజున సుష్మ మా ముందుగదిలో కుర్చీలు వేసింది. మీ అమ్మ హాడో నుంచి బస్సులో వచ్చింది, డబ్బానిండా జంతికలు తెచ్చింది. మేరి గారిని నేనే వెళ్ళి తీసుకొనివచ్చాను. తీసుకొనిరావలసినవాడిని నేనే. పోయిన ఏడాది నిన్ను ఆమె ఇంటికి తీసుకొనివెళ్ళి, "వీడు మా సింహాచలమ్మ కొడుకు. నా దగ్గర తెలుగు నేర్చుకొన్నవాడు. మీ ఆయన కథను వీడి చేతిలో పెట్టవచ్చు" అని పూచీపడినవాడిని నేనే కదా.

ముందు సినిమా సంగతి. పాత్రికేయులు ముగ్గురు, ఒక్కరి జేబులోనూ కలం లేదు. ఎవరూ ఎవరినీ ఒక ప్రశ్న పూర్తిగా అడగరు. సగం అడిగేసరికి తలుపు బద్దలవుతుంది. కుంభకోణం ఏమిటో మంత్రికి తెలుసు, కథానాయకుడికి తెలుసు, నేపథ్య సంగీతానికైతే అందరికంటె ముందే తెలుసు. చూచేవాడికి మాత్రం ఎవరూ చెప్పరు. మత్స్యకారులకు నాసిరకం పడవలు అంటగట్టారన్న అసలు విషయం ఒక్క వాక్యంలో దాటిపోయింది, ఆ వాక్యానికి క్రియ కూడా లేదు. "మీడియా నిద్రపోతే డెమోక్రసీ చచ్చిపోద్ది" అని కథానాయకుడు అరచినప్పుడల్లా మీ అమ్మ ఉలిక్కిపడి జంతికలు ఒళ్ళో పోసుకొన్నది. పరిశోధన అంటే పరుగెత్తడమని మీకు ఎవరు చెప్పారు? మేరి గారి భర్త సత్యవేదం గారు ఒక వార్త కోసం ఒకే బల్లమీద నెలల తరబడి కూర్చున్నారు. అది చూపించడం చేతకాకపోతే చేతకాదని ఊరుకోవలసింది.

ఇంతవరకు నాకు వచ్చినది విసుగు మాత్రమే. నీ సినిమాలో డేవిడ్ అనే స్థానిక విలేఖరి ఉన్నాడు. మెడలో శిలువ, చేతిలో చిన్న వారపత్రిక, ఎప్పుడూ పడవలు దిగే ఒడ్డునే ఉంటాడు. అతడెవరో ఈ ఊరిలో గ్రుడ్డివాడు కూడా చెప్పగలడు. సగం సినిమా దగ్గర అతడి పత్రిక ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో హైదరాబాదునుంచి వచ్చిన విలేఖరి పిల్ల కనిపెడుతుంది: డేవిడ్ గుత్తేదారుకు అమ్ముడుపోయాడు. కవరు అందుకొంటూ అతడు నవ్వుతాడు. అక్కడ విశ్రాంతి.

ఆ విశ్రాంతిలో మా ముందుగదిలో ఎవరూ జంతిక కొరకలేదు.

సత్యవేదం గారి 'లంగరు' పత్రిక ఎందుకు ఆగిందో నీకు తెలియదా? మేరి గారు రోజుల తరబడి కూర్చోబెట్టి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. పడవల గుత్తేదారు మనుషులు అబర్డీన్ బజారులో ప్రెస్సు యజమానిని బెదిరించారు, అతడు ఇక అచ్చువేయనన్నాడు. అచ్చు ఆగింది కాని సత్యవేదం గారు ఆగలేదు. ఒడ్డున ఉన్న మనవాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడడమే కాని చదవడం రాదు. అందుకని ఆయన మొదటినుంచీ ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే పడవల దగ్గర నిలబడి, తన పత్రికను తానే బిగ్గరగా చదివి వినిపించేవారు. అచ్చు ఆగిన తరువాత కూడా ఆదివారాలు ఆగలేదు. చేతిలో కాగితం లేకుండానే, "ఈ వారం లంగరు" అని మొదలుపెట్టి, శీర్షికలతో సహా నోటితో చదివారు. ఊపిరి ఉన్నంతకాలం చదివారు. ఇంత గొప్ప దృశ్యం నీ చేతికి ఉచితంగా వస్తే, దానిని అవతల పారవేసి కవరు తెచ్చుకొన్నావు.

సినిమా ముగిశాక మీ అమ్మ గబగబా అన్నది: "పిక్చర్ కదా దీదీ, మసాలా ఏస్తారు. మావోడికేటి తెలుసు?"

మేరి గారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకొన్నారు. "తెలీకేం సింహాచలం? మా ఇంట్లో కూకుని, నా చేతి కాఫీ తాగతానే రాసుకున్నాడు. చేదుగా ఉండుంటాది. చెప్పుంటే ఇంకో చెంచాడు పంచదార ఏసుందును."

ఆమెను బస్సు దాకా నేను దిగబెట్టాను.

ఇప్పుడు నీకు తెలియని సంగతి. జనవరిలో, ఆ గుత్తేదారు అంటగట్టిన పడవ పగిలి మనవాళ్ళు మునిగిపోయిన రోజున, ఒడ్డున ఒక స్మారకశిల నిలబెడుతున్నారు. పడవలవాళ్ళ సంఘానికి ఇప్పుడు నాగబాబు అధ్యక్షుడు. చనిపోయినవారి పేర్ల క్రింద చివరి పంక్తిలో సత్యవేదం గారి పేరు ఉంటుంది: 'పడవ పగులుతుందని ముందే చెప్పినవాడు.' శాసనం నేనే కూర్చాను. మేరి గారు కోరుకొన్నది ఈ లోకంలో ఆ ఒక్క పంక్తే. నీ సినిమా చూచినవాళ్ళు దానికి అడ్డుపడతారని నా భయం.

కనుక ఒక పేరా వ్రాసి, సంతకం చేసి పంపు. డేవిడ్ పాత్ర నీ కల్పన అనీ, సత్యవేదం గారు ఎవరివద్దా ఏమీ తీసుకోలేదనీ, చివరివరకు చదివారనీ అందులో ఉండాలి. హిందీలో కూడా వ్రాయి. ఇక్కడి కుర్రవాళ్ళకు అదే అందుతుంది. నేనే ఒడ్డున చదివి వినిపిస్తాను.

నీ మేలు కోరే,
గురునాథం


హైదరాబాదు
అక్టోబరు చివర

మావయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తిట్లకి, రెండోసారి తెలుగుకి. సినిమా గురించి మీరు రాసినవన్నీ ఇక్కడి సమీక్షకులూ రాశారు, మీ అంత బాగా కాదు. హాళ్లలో వారం తిరక్కుండా తీసేశారు. పోస్టర్ మీద నా పేరు చూసుకుందామని మెట్రో దిగి వెళ్లేసరికి దాని మీద ఇంకో సినిమా పోస్టర్ అంటించేశారు. అమ్మకి చెప్పకండి.

డేవిడ్ సంగతి. మావయ్యా, నేను రాసిచ్చిన మొదటి ప్రతిలో ఆయన ఆయనలాగే ఉన్నాడు. ఒడ్డున నిలబడి చదివే సీను నా చేత్తో రాశాను. వెనక పడవలు, ముందు తడి వలల మీద కూర్చున్న జనం, చేతిలో ఏమీ లేని మనిషి. చదివి వినిపిస్తే గదిలో ఒకాయన ఆవలించాడు. 'మనిషి నిలబడి చదివితే సినిమా ఎలా అవుతుందండీ, రేడియో అవుతుంది' అన్నాడు డైరెక్టరు. ఇంటర్వెల్‌కి ఒక దెబ్బ కావాలన్నారు. ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్లకి తెలీదు. ఈ గదుల్లో రచయిత అంటే ఎవరనుకున్నారు? అందరూ అనుకున్నది టైపు చేసేవాడు.

మీరడిగిన పేరా రాయడం నాకు కష్టమేమీ కాదు. రాయనివ్వడమే కష్టం. ఒప్పందంలో సినిమా గురించి బయట మాట్లాడకూడదని ఉంది. పైగా హిందీవాళ్లు ఈ కథని అక్కడ మళ్లీ తీసే మాట నడుస్తోంది. ఆ సంతకాలు అయ్యేదాకా నేను నోరు విప్పితే ఈ ఊళ్లో నాకు ఇంకో పని దొరకదు. కొంచెం ఓపిక పట్టండి. జనవరికి ఇంకా చాలా టైముంది.

మేరి ఆంటీకి నా నమస్కారాలు చెప్పండి. చెప్పాలనిపించకపోతే మానేయండి, అర్థం చేసుకుంటాను.

మీ
వీరేంద్ర


గరాచర్మ
నవంబరు చివర

వీరేంద్రకు,

ఓపిక పట్టుమన్నావు, పట్టాను. ఈలోగా జరిగినవి విను.

నాగబాబు నిన్న మా ఇంటికి వచ్చాడు. మంచివాడే, ఈ గడ్డమీద పుట్టినవాడు. రెండు పడవలున్నాయి, మాటలో నాలుగోవంతు హిందీ ఉన్నది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టర్‌జీ, బురా మత్ మాన్నా, ఏటీ అనుకోకండి. సత్యవేదం అంకుల్ పేరు గురించి కుర్రోళ్లు గోల చేస్తన్నారు."

"ఏమని?"

"పిక్చర్ హిందీ డబ్బింగ్ కూడా వచ్చీసింది కదా, అందరి ఫోన్లోనూ ఉన్నాది. 'పైసలు తిన్నోడి పేరు మనోళ్ల పేర్ల కిందేటి?' అంటన్నారు."

"నీకు తెలియదా నాయనా? నీ తండ్రి ఆయన ప్రక్కన నిలబడి వినేవాడు."

"తెల్దని ఎవులన్నారు? బచ్‌పన్‌లో, అయ్య చెయ్యి పట్టుకుని నానూ ఇన్నాను. ఆయన గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాది మాస్టర్‌జీ. కానీ నా చెవి ఎవులికి చూపించీది? ఆళ్ల దగ్గర వీడియో ఉన్నాది."

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని, గుమ్మంలో నిలబడిన ఒక పడవవాడి ముందు నోరు తెరచి మూసుకొన్నాను. "మేరి గారికి నీవే వెళ్ళి ఈ మాట చెప్పగలవా?" అని మాత్రం అడిగాను.

"అందుకే కదా మీకాడికొచ్చినాను" అని తల గోక్కొన్నాడు. పేరు తీయాలా వద్దా అన్నది సంఘం ఇంకా తేల్చలేదట. సినిమా తీసినవాళ్ళే అది అబద్ధమని చెప్పితే కుర్రవాళ్ళు ఒప్పుకొంటారట. అంటే, నీ పేరా.

మరొకటి. మేరి గారు పోయిన శనివారం అబర్డీన్ బజారుకు వెళ్ళారు. కూరలమ్మే తవిటమ్మ ఆమెను చూచి సంతోషంగానే పలకరించింది. "మీ ఆయన్ని పిక్చర్‌లో సూసినాం దీదీ. ఆ యాక్టరు బలే దింపీసినాడు. లంచం పుచ్చుకుంటా నవ్వినాడు చూడు, అబ్బో!"

"చచ్చినాక పరలోకానికి పోతారని పాస్టరుగారు చెప్పగా ఇన్నాను గానీ, విలనవుతారని తెల్దు తవిటమ్మా. అరకేజీ బెండకాయలు తూచు" అన్నారట మేరి గారు. ఈ మాట ఆమె నాకు నవ్వుతూ చెప్పారు. నేను నవ్వలేదు. ఆ రోజునుంచి ఆమె బజారుకు వెళ్ళడం లేదు. సరుకులు సుష్మ తెచ్చి ఇస్తున్నది.

ఇక అసలు విషయం. రచయిత అంటే అందరూ అనుకున్నది టైపు చేసేవాడని వ్రాశావు. నిజమేనని నమ్మి, నీమీద జాలిపడి, మీ అమ్మకు కూడా నచ్చచెప్పాను. మొన్న సుష్మ తన ఫోనులో ఒక ముఖాముఖి చూపించింది. నీవు నల్లచొక్కా వేసుకొని సోఫాలో కూర్చున్నావు. ప్రక్కన దర్శకుడు. విశ్రాంతి దగ్గరి మలుపు ఎవరి ఆలోచన అని అడిగితే ఆయన నీ భుజం తట్టాడు. నీవేమన్నావో గుర్తున్నదా? "అది పూర్తిగా నాదేనండీ. లోకల్ రిపోర్టర్ మంచోడని ఆడియన్స్ ఫిక్సయిపోతారు కదా, వాళ్ల కాళ్ల కింద నేల కదలాలనుకున్నాను." పైగా, "ఆ ఐడియా వచ్చాకే ప్రొడ్యూసర్‌గారు ఓకే అన్నారు" అని కూడా అన్నావు.

దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్ళకు తెలియదని నాకు వ్రాశావు. వాళ్ళ సంగతి అటుంచు, నీకు తెలుసు కదా.

నేల కదిలింది నాయనా. నీ ప్రేక్షకుల క్రింద కాదు.

పేరా పంపు. ఒప్పందాల మాట ఎత్తకు.

గురునాథం


హైదరాబాదు
డిసెంబరు

మావయ్యా,

ఆ ఇంటర్వ్యూ మీరు చూస్తారనుకోలేదు. చూశారు కాబట్టి దాపరికం అక్కర్లేదు. అవును, ఆ మలుపు నేనే చెప్పాను. ఏడేళ్లు ఇంకొకళ్ల పేరు మీద మాటలు రాసినవాడికి, ఒక గదిలో పదిమంది ఒక్కసారిగా తనవైపు తిరిగితే ఎలా ఉంటుందో మీకు తెలీదు. మీ తరగతి గదిలో అందరూ ఎప్పుడూ మీవైపే తిరిగి కూర్చునేవాళ్లు.

కానీ ఒకటి అడుగుతాను. ఆ ఆలోచన నాకు ఎక్కడినుంచి వచ్చింది?

'లంగరు' ఆగినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. సాయంత్రాలు మన వరండాలో మా నాన్న ఉండేవాడు, మీ స్కూలువాళ్లు ఉండేవాళ్లు, మీరుండేవారు. 'పాపం, ఆ సత్యవేదం కూడా చివరికి లొంగిపోయాడండీ. లేకపోతే ఉన్నట్టుండి పత్రిక ఎందుకాగుతుంది? ఎంత ముట్టిందో!' ఈ మాట నేను కల్పించలేదు మావయ్యా. చదువుకున్న పెద్దమనుషుల నోట, మన ఇంటి టీ కప్పుల మధ్య విన్నాను. మీరు పరీక్ష పేపర్లు దిద్దుతూ అక్కడే ఉన్నారు. 'కాదు' అని ఎవరూ అనలేదు. నేను చేసిందల్లా మన వరండాని తీసుకెళ్లి ఇంటర్వెల్‌లో పెట్టడమే.

ఆయన ఒడ్డున చదువుతూనే ఉన్నారన్నది నిజం. ఆ ఒడ్డు మన ఇంటికి బస్సులో ఎంత దూరం? ఇన్ని ఆదివారాల్లో మన ఇంట్లోంచి ఒక్కరైనా వెళ్లి విన్నారా? పత్రిక అచ్చవుతున్నప్పుడైనా మీరు చందా కట్టారా? అచ్చుతప్పులెక్కువ అనేవారు, నాకు గుర్తుంది. ఆ మనిషి గొంతు ఆ ఒడ్డు దాటలేదు. దేశమంతా ఇప్పుడు ఆయన గురించి విన్నదంటే అది నా వంకర సినిమా వల్లే.

మీకు కోపం అబద్ధం మీద కాదు. పూచీపడినందుకు మీ మాట పోయిందని.

రాయి సంగతి మీరు కంగారుపడకండి. నాగబాబుతో నేను ఫోన్లో మాట్లాడాను. ఏదో ఒకటి చేస్తాను.

వీరేంద్ర


గరాచర్మ
డిసెంబరు చివర

వీరేంద్రకు,

మేరి గారి ఇంట్లో ఈసారి క్రిస్మస్ నక్షత్రం వ్రేలాడదీయలేదు. మీ అమ్మ కేకు పట్టుకొనివెళ్ళితే తలుపు తీసి, తీసుకొని, లోపలికి రమ్మనకుండా మూసుకొన్నారట. మీ అమ్మ రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

వరండా మాట ఎత్తావు. సరే, విను. మేమందరమూ చదువుకొన్నవాళ్ళము. మాకు పత్రిక అంటే గుమ్మంలో వచ్చి పడే కాగితం. అది పడడం మానితే మాట ఆగిపోయిందనుకొన్నాము. చదువురానివాడు అలా పొరబడడానికి వీలులేదు; వాడికి పత్రిక అంటే గొంతు, అది ప్రతి ఆదివారమూ వినబడుతూనే ఉన్నది. ఆనాడు ఈ ఊరిలో సత్యవేదం గారు అమ్ముడుపోయారని నమ్మినవారందరికీ అక్షరాలు వచ్చు. ఇదే జరిగింది.

అయితే వరండాలో ఆ మాట అన్నవారికి నిజం తెలియదు. నీకు తెలుసు. ఆయన భార్య ఎదుట కూర్చొని, విని, తెలుసుకొని, ఆ తరువాత వ్రాశావు. తెలియక అన్న మాట సాయంత్రంతో పోతుంది. తెలిసి వ్రాసినది మరునాడు కూడా ఉంటుంది. నీకు ఈ తేడా చెప్పవలసివస్తుందని నేను అనుకోలేదు.

దేశమంతా ఆయన గురించి విన్నదన్నావు. ఏమని విన్నది?

పేరా. ఇంకేమీ వద్దు. సంక్రాంతి దాటితే పనికిరాదు. నాగబాబుతో ఏమి మాట్లాడావో కూడా వ్రాయి. అడిగితే వాడు నవ్వుతున్నాడే కాని చెప్పడం లేదు.

గురునాథం


హైదరాబాదు
జనవరి మొదటి వారం

మావయ్యకు,

మొత్తానికి సాధించాను. దీంతో పాటు మీరడిగిన కాగితం జతచేస్తున్నాను, మా వకీలు చూసి ఒప్పుకున్నది. తెలుగులోనూ హిందీలోనూ ఉంది.

దానికంటే మంచి కబురు ఇంకోటి. రాయి గురించి ప్రొడ్యూసర్‌గారికి చెబితే ఆయన కదిలిపోయారు. స్మారకానికి అయ్యే ఖర్చంతా కంపెనీయే పెట్టుకుంటుంది. సత్యవేదం గారి పేరు ఎవరూ తీయరు. నాగబాబు కుర్రాళ్లని ఒప్పించేశాడు, ఎగిరి గంతేస్తున్నారు. వీలైతే హీరోగారే వచ్చి ఆవిష్కరిస్తారు. మీరు కూర్చిన పంక్తి అలాగే ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఆఖరి ఎడిషన్ చిత్రానికి స్ఫూర్తి' అని ఒక్క ముక్క చేరుస్తారు. అంతే.

ఇక మీరు నన్ను తిట్టడానికి ఏమీ మిగల్లేదనుకుంటాను. మేరి ఆంటీకి కొత్త చీర పెట్టి ముందు వరసలో కూర్చోబెట్టమని నాగబాబుకి చెప్పాను. నేనూ రావాలనే చూస్తున్నాను. హిందీ సంతకాలు అదే వారంలో పడ్డాయి.

వీరేంద్ర


గరాచర్మ
జనవరి చివర

శ్రీ వీరేంద్ర గారికి,

మీ కాగితం అందింది. 'ఈ చిత్రంలోని పాత్రలన్నీ కల్పితాలు. జీవించి ఉన్నవారితో గాని, మరణించినవారితో గాని వీటికి ఎట్టి సంబంధమూ లేదు.' ఇది మీ సినిమా మొదట్లో పొగత్రాగరాదన్న హెచ్చరిక ప్రక్కన వచ్చే వాక్యమే. సత్యవేదం గారి పేరు అందులో లేదు. కాగితం మీద సంబంధం లేదని సంతకం చేశారు, రాతి మీద మాత్రం సంబంధం ఉన్నదని చెక్కమన్నారు. రెండింటిలోనూ మీకు నష్టం లేదు.

ఒడ్డున జరిగినది మీకు తెలియాలి. నాగబాబు మీకు చెప్పి ఉండడు.

శిల నిలబెట్టడానికి ముందు ఆదివారం, చర్చి అయిన తరువాత, సంఘంవారు అందరినీ పిలిచారు. మేరి గారు వచ్చారు. పాత చీరే. నాగబాబు గొప్ప ఉత్సాహంగా లేచాడు.

"ఆంటీ, అంకుల్ పేరు ఉంటాది! పక్కా. కింద పిక్చర్ పేరొకటి ఏస్తాం, బస్. టూరిస్టోళ్లు ఫోటోలు దిగడానికొస్తారు. హీరో కూడా వచ్చినా వచ్చీగలడు."

కుర్రవాళ్ళు ఈలలు వేశారు. మేరి గారు వాళ్ళు చల్లబడేదాకా ఆగారు.

"ఆ పిక్చర్‌లో పైసలు తిన్నోడు డేవిడ్ కదా బాబూ?"

"ఆఁ... అది పిక్చర్ కదా ఆంటీ."

"ఆ పిక్చర్ పేరు మా ఆయన పేరు కింద ఏస్తే, డేవిడ్ ఎవులని అర్థమౌద్ది?"

"అలాగ్గాదాంటీ..."

"ఎలాగో చెప్పు. నాకు తెలుగు రాదనుకో, హిందీలో చెప్పు."

నాగబాబు నావైపు చూచాడు. ఈలలు వేసినవాళ్ళు ఇసుక చూస్తున్నారు. అప్పుడు నేను లేచాను. సత్యవేదం గారి గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. అచ్చు ఎలా ఆగిందో, మా వరండాలు ఎలా పొరబడ్డాయో, మా ఇంటి కుర్రవాడు తెలిసి తెలిసి ఏమి వ్రాశాడో ఏదీ దాచలేదు. నా జన్మలో అంత మంచి తెలుగు మాట్లాడలేదనుకొంటాను. ముగించి చూస్తే, ముందు కూర్చున్నవాడొకడు ప్రక్కవాడితో, "సర్ ఏం చెప్తున్నార్రా? టీవీలో న్యూస్ లాగుంది" అంటున్నాడు. వాడి ముఖంలో వెటకారం లేదు, నిజంగానే అందలేదు. నాగబాబు హిందీలో చెప్పబోయి, "మాస్టర్‌జీకి పిక్చర్ పసంద్ కాలేదట" అని ఊరుకొన్నాడు.

మేరి గారు నన్ను కూర్చోమని సైగ చేశారు.

"పేరు తీసీయండి" అన్నారు.

నేను అడ్డుపడ్డాను. చిత్రం పేరు తీసివేస్తే చాలు, ఆయన పంక్తి ఉండవలసిందే అన్నాను. సంఘం ఖర్చుతోనే పెడదామన్నాను. నాగబాబు, "కంపెనీ పిక్చర్ పేరు లేకపోతే ఇవ్వనంటాది మాస్టర్‌జీ. మన ఖర్చుతో పెట్టినా, ఉత్త పేరుంటే కుర్రోళ్లు ఊరుకోరు" అన్నాడు. కుర్రవాళ్ళు ఎవరూ కాదనలేదు.

"ఇన్నారు కదా మాస్టరుగారూ" అన్నారు మేరి గారు. "ఆ పేరుంటే దానెంట ఆ సినిమా ఉంటాది, రాతిమీద రాసినా రాయకపోయినా. పేరే లేకపోతే సినిమాకి ఇక్కడ చోటు లేదు. మునిగిపోయినోళ్లని ఆళ్లమానాన ఉండనీండి. మీరే కొట్టీయండి ఆ లైను. మీరు రాసిందే కదా."

శిల్పికి ఇవ్వవలసిన ప్రతి నా జేబులోనే ఉన్నది. అందరి ముందు, నేను కూర్చిన పంక్తిని నా కలంతో నేనే కొట్టివేశాను. ఇది మీ సినిమాలో పెట్టుకోవచ్చు. ఎవరూ పరుగెత్తరు కనుక మీకు పనికిరాకపోవచ్చును.

శిల సంఘం ఖర్చుతోనే నిలబడింది. మీ కథానాయకుడు రాలేదు. మీరూ రాలేదు. ఆ ఉదయం అబర్డీన్ బజారు నుంచి కూడా జనం వచ్చారు. ముసుగు తీసిన తరువాత, రాతిమీద ఉన్న తెలుగు తమలో చాలామందికి చదవడం రాదని అప్పుడు తోచింది వాళ్ళకు. నన్ను చదవమన్నారు. మునిగిపోయినవారి పేర్లు ఒక్కొక్కటే చదివాను. ప్రతి పేరుకూ ఒక ఇంటివాళ్ళు ఎక్కడో ఒకచోట గట్టిగా ఏడ్చారు. చివరి పేరు చదివి ఆగాను.

"అయిపోనాదా మాస్టర్‌జీ?" అన్నాడు నాగబాబు.

అయిపోయిందన్నాను.

మేరి గారు లేచి, చీర దులుపుకొని, బస్సువైపు నడిచారు. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్తారు కనుక మీ అమ్మ పరుగువంటి నడకతో వెళ్ళి ఆమెను కలుసుకొని, చేయి పట్టుకోబోయింది. మేరి గారు చేయి వెనుకకు తీసుకొన్నారు. కోపంగా కాదు. అలవాటైన మెత్తని గొంతుతోనే, నాకు వినబడేటట్లు అన్నారు:

"నువ్వు ఎల్లు సింహాచలం. నీ కొడుకు ఫోను చేసే టైమయ్యింది."

గురునాథం